లెక్కలోకి రాని కన్ను

రోహిణి కార్తె

మండలి వారి ఆదేశం ఇది: పోలిక పరీక్షలో పాల్గొనే ప్రతి డాక్టరూ దినచర్య రాయాలి. నమోదులు క్లుప్తంగా ఉండాలి. కోపతాపాలు, సొంత అభిప్రాయాలు ఉండరాదు.

క్లుప్తంగా రాయడానికి ప్రయత్నిస్తాను. రెండోది నావల్ల కాదు. నా పేరు శేషవేణి. అడుగుపేటలో పుట్టి, అడుగుపేటలోనే కళ్ళు కోస్తున్నదాన్ని. నా నోరు మంచిది కాదని పైన మండలి దాకా తెలుసు కాబట్టి కొత్తగా పోయే పరువేమీ లేదు.

ఈ వారం మనుషుల్నీ సరుకుల్నీ గనిలోకి దించే తొట్టిలో రెండు పెట్టెల మందు సంచులూ, వాటి వెంట ప్రద్యుమ్న గారూ దిగారు. ఆయన మండలి పరిశీలకుడు. సముద్రం ఒడ్డు మనిషి, ముప్పై దాటి ఉండవు, మర్యాదస్తుడు. తొట్టి దిగగానే మా మసక దీపాలు చూసి, కళ్ళు నులుముకుని, "ఇంత వెలుతురులో ఎలా ఉంటారండీ" అన్నారు. ఇది పాత ముగ్గురాయి గని, ఇక్కడ దీపాలింతే. మసకలో కంటిపాప ఎప్పుడూ విప్పారే ఉంటుంది. అలా ఉండీ ఉండీ కొందరికి కంట్లో నీరు బయటికి పోయే దారి మూసుకుపోతుంది. దాన్నే నీటికాసులంటారు. గుక్కెడు నీళ్ళకు కటకటలాడే ఊళ్ళో కళ్ళల్లో మాత్రం నీళ్ళు నిలవడం మా రాత.

ఉబ్బిన కంటిని ఉబ్బినట్టే కోస్తే లోపల నరం చిట్లి కన్ను నెత్తుటి ముద్దవుతుంది. అందుకని ముందు చేతి నరంలోకి మందు ఎక్కించి ఒత్తిడి దించాలి. ఇన్నాళ్ళూ మేం వాడింది మానిటాల్. ఇప్పుడు దానికి పోటీగా ముదురు ఉప్పునీళ్ళు వచ్చాయి. రెండూ చేసే పని ఒకటే, కంట్లోని నీటిని రక్తంలోకి లాగడం. ఏది బాగా దించుతుందో తేల్చి, గెలిచినదాన్నే ఇకమీదట కింది ఊళ్ళకు పంపుతారట. పోలిక మంచిదే. నాకూ తెలుసుకోవాలనే ఉంది.

ఒక మందుకు ఎర్ర గుడ్డ తొడిగారు, ఇంకోదానికి నల్ల గుడ్డ. ఏది ఏదో మాకు తెలియకూడదట. మర్నాడు పొద్దున చూస్తే ఎర్ర సంచుల్లో మందు గని చలికి పటికబెల్లం పలుకుల్లా కట్టుకుని ఉంది. మా నర్సు మాబున్ని వాటిని వేడి గొట్టం మీద పెట్టి కరిగిస్తూ, "ఇది మానిటాలే గదా మేడమ్, చలికి గడ్డకట్టేది అదొక్కటే" అంది. ప్రద్యుమ్న గారు రెండు చెవులూ మూసుకున్నారు.

మా పాత పద్ధతి మార్చమన్నారు. ఇన్నాళ్ళూ మాబున్ని పొద్దున్నే రోగి ఇంటికే పోయి, గడప పక్కన మేకుకు సంచి తగిలించి మందు ఎక్కించేది. అది అయ్యాక రోగిని నడిపించుకుని ఆసుపత్రికి వచ్చేది, నేను కోసేదాన్ని. మా పెద్ద డాక్టరు గారి కాలం నుంచీ అంతే. ఎందుకని ఎవరూ అడగలేదు, నాతో సహా.

"ఇళ్ళల్లో ఎక్కించిన మందును పోల్చలేం కదండీ" అన్నారు ప్రద్యుమ్న గారు. "ఒక ఇల్లు దగ్గర, ఒక ఇల్లు దూరం. అందరికీ ఒకే గది, ఒకే మంచం ఉండాలి. మందు ఎక్కినప్పటి నుంచి కోత అయ్యేదాకా రోగి ఆ గది దాటకూడదు."

మాట సబబుగానే ఉంది. సబబుగా ఉన్న మాటలే ఎక్కువ కొంపలు ముంచుతాయని నా అనుభవం.

అంతలో కుండ వేళ కూత పడింది. ఆసుపత్రి ఖాళీ అయింది. నేనూ ఇంటికి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి ఆయనొక్కరే కూర్చుని ఉన్నారు.

"అందరూ ఒక్కసారిగా ఎక్కడికి వెళ్ళారండీ?"

"ఎవరిళ్ళకు వాళ్ళు. కుండలో పోసి రావడానికి."

"దానికి ఇంటికెళ్ళడం ఎందుకండీ? ఆ మూల తెర వెనక ఉంది కదా. నేను పొద్దున అందులోనే..."

మాబున్ని చేతిలో దూది కింద పడింది. "అది ఊరి కుండ గదయ్యా" అంది.

పైవాళ్ళు చదువుతారు కాబట్టి రాస్తున్నాను. మా ఊళ్ళో మనిషి ఒంట్లోంచి వచ్చిన నీరు ఏ ఇంటి కుండలో పడితే ఆ మనిషి ఆ ఇంటివాడు. అది మరిగి, వడకట్టుకుని, మళ్ళీ ఆ ఇంటి చెంబులోకే వస్తుంది. కొత్త కోడలు అత్తింటి కుండలో పోసిన పూటే ఆ ఇంటిపేరు ఆమెకు వస్తుంది. ఊరి కుండ దిక్కూమొక్కూ లేనివాళ్ళకు, చచ్చినవాళ్ళకు. ప్రద్యుమ్న గారికి ఇదేమీ తెలియదు. మాబున్ని మాత్రం ఆ రోజు నుంచి ఆయనకు ఇంటినుంచి జొన్నరొట్టె తెచ్చి పెడుతోంది. ఎవరూ లేని బిడ్డ కదా అంటోంది.

మృగశిర కార్తె

పైన వానలు లేకపోయినా కార్తెలు మాత్రం మేం వదల్లేదు. ఏరువాక లేని మృగశిర ఇది.

కోతలు మొదలుపెట్టాం. రోగి చీటీ తీస్తాడు, చీటీలో ఉన్న రంగు సంచి ఎక్కుతుంది. కంటి ఒత్తిడి మూడుసార్లు కొలవాలి: మందుకు ముందు, మందు ఎక్కాక, బల్ల మీద పడుకోబెట్టాక. మూడో కొలత మండలి గీసిన గీత దాటితే కోత ఆపి ఇంటికి పంపేయాలి.

నల్ల సంచివాళ్ళు హాయిగా గట్టెక్కారు. ఎర్ర సంచి మొదట పడింది పెద్దగంగన్నకు. గాలి చక్రాల దగ్గర పనిచేసే మనిషి, ఒళ్ళు ఇనుము. మందు ఎక్కగానే ఒత్తిడి చక్కగా దిగింది. అలవాటైన మందు కదా, నాకేం ఆశ్చర్యం లేదు. బల్ల మీద పడుకోబెట్టి మళ్ళీ కొలిస్తే పైకెక్కి కూర్చుంది. కాళ్ళు మెలివేసుకుని, పిడికిళ్ళు బిగించి, చెమటలు కక్కుతున్నాడు.

"భయమా గంగన్నా?"

"భయమా పాడా. కోసేదుంటే బిన్న కోసేయండి డాక్టరమ్మా, ఆలస్యం చేయాకండి."

గీత దాటింది, కోయకూడదు. పంపేశాను. ఆపేశామని చెప్పగానే ఆ మనిషి సూది గుచ్చిన చోట కట్టు కూడా సరిగా కట్టనీయకుండా పరిగెత్తాడు. తర్వాత ఎర్ర సంచి పడ్డవాళ్ళదీ అదే వరస. మందు దించుతుంది, బల్ల ఎక్కేసరికి మళ్ళీ ఎక్కుతుంది.

"ఈ మందు మీవాళ్ళ మీద నిలవడం లేదేమోనండీ" అన్నారు ప్రద్యుమ్న గారు. "గనుల్లో పుట్టిన కళ్ళు కదా, నిర్మాణం వేరేమో."

ఒళ్ళు మండింది. ఏళ్ళ తరబడి ఇదే మందు పెట్టి ఇవే కళ్ళు కోశాను. నిన్నటిదాకా నిలిచిన మందు ఇవాళ నిలవకపోతే కళ్ళ నిర్మాణం మారిందా? ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. ఆ మాటే ఆయన మొహం మీద అన్నాను. ఆయన రాసుకున్నారు.

ఆరుద్ర కార్తె

ఈ రోజు ఓబులక్క వచ్చింది.

అడుగుపేటలో ఓబులక్క చెయ్యి పడని ఇల్లు లేదు. కుండ మూతల మీద ఇంటిపేర్లు రాసేది ఆమే. పెళ్ళయితే కోడలి పేరు ఇంటిపేరు కింద చేరుస్తుంది. ఎవరైనా ఊరి కుండ పాలైతే వాళ్ళ పేరు గీకేసేదీ ఆమే. నా పేరు మా అత్తగారి పేరు కింద రాసింది ఆ చెయ్యే. అరవై దాటాయి. ఎడమ కన్ను పోయినేడే పోయింది. నొప్పిని తలనొప్పనుకుని ఊరుకుంది, నా దగ్గరికి వచ్చేసరికి చేయడానికేం మిగల్లేదు. ఇక ఉన్నది కుడి కన్నొక్కటే. అదీ ఉబ్బుతోంది. చుక్కల మందుతో ఎన్నాళ్ళో నెట్టుకు రాలేను. కోస్తే నిలుస్తుంది, కోయకపోతే పోతుంది. ఇందులో మూడో దారి లేదు.

చీటీ తీసింది. ఎర్ర సంచి.

"నల్లది పడింటే బాగుండునా వేణమ్మా?" అంది నా మొహం చూసి.

"ఏదైనా మంచిదే అక్కా, రెండూ మందే గదా" అన్నాను. రెండూ మందే అని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను.

మందు ఎక్కింది, ఒత్తిడి దిగింది. బల్ల మీద పడుకోబెట్టాను. మాబున్ని కంటి చుట్టూ తుడిచింది. కొలిచాను. గీత దాటింది. కొంచెం కాదు, బాగా దాటింది. ఇంకాసేపు ఆగి మళ్ళీ కొలిచాను. ఇంకా ఎక్కింది. ఓబులక్క పెదవి కొరుక్కుంటోంది, మెడ నరాలు తేలాయి.

"నొప్పా అక్కా?"

"నొప్పేం లేదు. నన్ను ఇంటికి పంపీమ్మా. నీకు దండం పెడతా."

కంటి కోసం వచ్చిన మనిషి, కన్ను కోయకముందే ఇంటికి పంపమని దండం పెట్టడమేమిటి? పంపక తప్పలేదు. గోడ తడుముకుంటూ అంత వేగంగా నడుస్తున్న ముసలిదాన్ని నేనెప్పుడూ చూడలేదు. మళ్ళీ చీటీ వేసి నల్ల సంచి ఇద్దామంటే, "చీటీ పడ్డాక మార్చకూడదండీ" అన్నారు ప్రద్యుమ్న గారు. పైగా ఆమె నరాలు దారపు పోగులు, ముదురు ఉప్పునీళ్ళకు మండిపోతాయి. కొందరికి ఇది, కొందరికి అది కావాలి. గెలిచినవాడొక్కడే మిగలాలనడానికి ఇదేం కోడిపందెమా?

పునర్వసు కార్తె

తెలిసింది. తెలిసిన తీరు రాయడానికి సిగ్గుగా ఉంది గానీ రాస్తాను.

ఒక నల్ల సంచి రోగికి కోత మధ్యలో చిక్కు పడింది. ఆలస్యమైంది. కుండ వేళ కూత వచ్చింది, పోయింది. చేతిలో తెరిచిన కన్ను పెట్టుకుని నేనెక్కడికి పోను? పొత్తికడుపు రాయిలా బిగిసింది. పళ్ళు బిగబట్టి, మెడ బిగబట్టి, ఊపిరి బిగబట్టి కుట్లు వేస్తున్నాను. మాబున్ని నా వంక చూసి నవ్వింది.

"ఏంది మేడమ్, ఎర్ర సంచి ఎక్కిచ్చుకున్నోళ్ళ మాదిరి ఉండారు."

సూది నా చేతిలోనే ఆగిపోయింది.

మానిటాల్ కంట్లోంచి నీటిని లాగి రక్తంలో పోస్తుంది. రక్తం దాన్ని ఎక్కడో ఒకచోట దించుకోవాలి. అరపూటలో మనిషిని మూడుసార్లు కుండ దగ్గరికి పరిగెత్తించే మందు అది. ముదురు ఉప్పునీళ్ళు అంత తొందర పెట్టవు. ఇంట్లో మందు ఎక్కినన్నాళ్ళూ గడప పక్కనే సొంత కుండ ఉండేది. పోసుకుని, తేలికపడి నడిచి వచ్చేవాళ్ళు. ఇప్పుడు గది మూసేశాం. మూల ఉన్నది ఊరి కుండ. ఇల్లున్నవాళ్ళెవరూ అందులో పోయరు. ఉగ్గబట్టుకుంటారు. ఉగ్గబట్టుకుని ముక్కుతూ మూలుగుతూ పడుకుంటే దిగిన ఒత్తిడి ఎందుకు నిలుస్తుంది? నేను ఈ ఊళ్ళో పుట్టి, రోజూ కూత పడగానే ఇంటికి పరిగెత్తుతూ, ఈ ముక్క కనిపెట్టలేకపోయాను. మాకది కనపడదు, ఎందుకంటే మేం అందులోనే ఉన్నాం.

కోత ముగించి, ముందు ఇంటికి వెళ్ళొచ్చి, తర్వాత పెద్దగంగన్న ఇంటికి పోయాను.

"యాడ పోసేది డాక్టరమ్మా?" అన్నాడు. "ఆ మూలనుండే దాంట్లోనా? నా పెండ్లాం బిడ్డలు బతికుండంగనే?"

"మరి ఆ రోజు ప్రద్యుమ్న గారు ఒంటికి వస్తోందా అని అడిగితే లేదన్నావే?"

"పైనుంచి వచ్చినాయన, పరాయి మనిషి అడుగుతాంటే ఏమని జెప్పేది? మర్యాద ఉండొద్దా."

ప్రద్యుమ్న గారి దగ్గరికి వచ్చి అంతా చెప్పాను. మందు తప్పు కాదు, గది తప్పు అన్నాను. ఇళ్ళల్లో ఎక్కించనివ్వండి, లేదా ఎవరి కుండను వాళ్ళు గదిలోకి తెచ్చుకోనివ్వండి అన్నాను. ఆయన తెర వెనక ఊరి కుండ వైపు చూశారు, మాబున్ని పెట్టిన రొట్టె వైపు చూశారు. ఆమె రొట్టెలు ఎందుకు తెస్తోందో అప్పుడు అర్థమైనట్టుంది.

"మీరు చెప్పేది నిజమేనండీ. కానీ నియమాలు మధ్యలో మార్చే అధికారం నాకు లేదు. పైకి రాస్తాను."

రాశారు. ఆ మాట వరకు ఆయన్ని తప్పుపట్టను.

పుష్యమి కార్తె

మండలి జవాబు వచ్చింది. కుండలు గదిలోకి రాకూడదు, శుభ్రత పోతుంది. ఇళ్ళల్లో ఎక్కించకూడదు, పోలిక చెడుతుంది. ఇబ్బంది ఉన్న రోగులకు మూత్రం దారిలో గొట్టం వేసి, వచ్చింది సంచిలో పట్టి, ఆసుపత్రి కుండలో పోయాలి. 'స్థానిక అలవాట్లను రోగులకు నచ్చజెప్పి మాన్పించవలసినది' అని చివర ఒక వాక్యం.

నచ్చజెప్పాలట. ఇంటికెళ్ళి మీ అమ్మకు నచ్చజెప్పండి, ఇవాళ్టి నుంచి నువ్వు మా అమ్మవి కావని. ఈ ఆచారం మంచిదో చెడ్డదో నేను వాదించడం లేదు. దీనితో నాకూ తగాదాలున్నాయి. కానీ కన్ను బాగుచేస్తానని పిలిచి ఇల్లు లేకుండా చేయడం ఏ వైద్యంలో ఉంది?

పోనీ గొట్టం వేస్తాం, ఆ సంచిని వాళ్ళ ఇంటికే పంపుతాం అని బతిమాలాను. ప్రద్యుమ్న గారు నియమాలు తిరగేశారు. రోగి ఒంటి ద్రవాలు గది దాటరాదని ఒకటి ఉంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మందు దేవుడి పాటి పనిచేస్తోంది, దాని ముందు మండలి పూజారిలా అడ్డంగా నిలబడి ఉంది.

గొట్టం సంగతి ఊళ్ళో పాకింది. ఆసుపత్రికి పోతే నీళ్ళు ఎత్తుకుపోతున్నారని ఒక వరస ఇళ్ళవాళ్ళంతా అనుకుంటున్నారు. ఎర్ర చీటీ పడ్డవాళ్ళు సరే, చీటీ తీయనివాళ్ళు కూడా రావడం మానేశారు. ఇవాళ బయటి గదిలో ఈగ లేదు. ప్రద్యుమ్న గారు ఖాళీ మంచం పక్కన కూర్చుని ఎవరూ రాలేదని రాసుకున్నారు.

ఓబులక్క ఇంటికి నేనే వెళ్ళాను. కొలిస్తే ఒత్తిడి బాగా పెరిగింది. చుక్కల మందు లొంగడం లేదు.

"దీపం చుట్టూ రంగులు కనపడతాండాయమ్మా. సింగిడి మాదిరి. మా నాయన చెప్పేవాడు, వానొచ్చినంక ఆకాశంలో కనపడేదంట. నాకిప్పుడు రోజూ కనపడతాండాది" అంది. నవ్వుతూనే అంది.

ఆశ్లేష కార్తె

నిన్న ఓబులక్క ఒక పెళ్ళికి కుండ మూత రాసింది. నేను వెళ్ళేసరికి పెళ్ళికొడుకు తల్లి దాన్ని తీసుకుంటోంది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి, పేరు చదవడానికి లేదు. ఆ తల్లి చూసి, ఒక్క మాట అనకుండా, దండం పెట్టి తీసుకుపోయింది.

"తిట్టినా బాగుండు" అంది ఓబులక్క. "తిట్టలేదంటే నా పని అయిపోయిందనే గదా."

ఆమె ఇంటి కుండ గడప పక్కనే ఉంది. మూత మీద 'అంకాళ్ళ' అని ఇంటిపేరు, దానికింద వరసగా గీకేసిన పేర్ల గరుకు మచ్చలు. అత్త, మామ, మొగుడు, బిడ్డ. చివర ఒకే పేరు మిగిలింది. ఒక పగలంతా కుండ తడవకపోతే పగలగొట్టాలని మా కట్టుబాటు. ఆమె ఊరి కుండలో పోసిన రోజు ఈ కుండను తడిపేవాళ్ళు ఉండరు, అంకాళ్ళవాళ్ళు అనే ఇల్లే ఉండదు.

"నేను చచ్చినంక ఎవురన్నా గీకనీ. ఆ పొద్దు నేను చూడబోను. బతికుండంగా నా పేరు నా చేత్తోనే గీకల్లనా వేణమ్మా? గొట్టం ఏసుకుంటే కన్నొస్తాది సరే. ఆ కన్నుతో నేను చేసే మొదటి పని అదే గదా."

 

తిరిగొచ్చి పాత అలమర తెరిచాను. పోలిక పరీక్షకు ముందు తెప్పించిన నా మానిటాల్ సంచి ఒకటి అడుగున ఉంది. గుడ్డ తొడగనిది, రంగు లేనిది. అది పట్టుకుని ప్రద్యుమ్న గారి ముందుకెళ్ళాను. దొంగచాటుగా చేయడం నాకు చేతకాదు.

"పొద్దున మాబున్ని ఓబులక్క ఇంటికి పోతుంది. పాత పద్ధతిలో ఎక్కిస్తుంది. నేను కోస్తాను."

"అలా చేస్తే ఆ కేసు లెక్కలోకి రాదండీ."

"కన్ను వస్తుంది."

"మీ మీద చర్య తీసుకుంటారు."

"తీసుకోమనండి. నా బదులు ఈ గుంతలోకి దిగి కళ్ళు కోసే మనిషి దొరికితే నేనే తొట్టి దాకా ఎదురెళ్ళి తీసుకొస్తాను."

ఆయన తల వంచుకున్నారు. వద్దని మాత్రం అనలేదు.

పొద్దున మేం వెళ్ళేసరికి ఆయన ఓబులక్క గడప ముందు నిలబడి ఉన్నారు, చేతిలో ఒత్తిడి కొలిచే పరికరం పట్టుకుని. కొలత తనే తీస్తానన్నారు. మాబున్ని సంచిని వేడి గొట్టం మీద వెచ్చబెట్టి తెచ్చింది, మేకుకు తగిలించింది. సూది ఒక్కసారికే ఎక్కింది. కాసేపటికి ఓబులక్క లేచి కుండ దగ్గరున్న తెర వెనక్కి వెళ్ళింది. ప్రద్యుమ్న గారు గోడ వైపు తిరిగి నిలబడ్డారు. ఆమె మళ్ళీ వెళ్ళింది, ఇంకోసారి వెళ్ళింది. వచ్చిన ప్రతిసారీ మొహం తేటపడుతోంది. మాబున్నితో కబుర్లు మొదలుపెట్టింది, ఆమె చెల్లెలి కాపురం సంగతి అడిగింది.

ఆసుపత్రి దాకా నడిచి వచ్చింది. బల్ల మీద పడుకుంది. ప్రద్యుమ్న గారు వంగి కొలిచారు. పరికరం తుడిచి మళ్ళీ కొలిచారు.

"ఎంత?" అన్నాను.

"గీతకు చాలా కిందండీ" అన్నారు. 

కోశాను. చిక్కులేం రాలేదు. నెత్తురు చుక్క చిందలేదు. నా చేతికి ఇంత మెత్తగా లొంగిన కన్ను ఈ మధ్య తగల్లేదు. అదే మందు, అదే కన్ను, అదే చెయ్యి. మారింది కుండ ఒక్కటే.

మఖ కార్తె

మండలి తీర్పు తొట్టిలో దిగింది. ప్రద్యుమ్న గారు దాన్ని తీసుకుని నా దగ్గరికి వచ్చారు. నేను ఓబులక్క ఇంట్లో ఉన్నాను, కన్ను చూడ్డానికి. ఆమె ఒక మూత ఒళ్ళో పెట్టుకుని రాస్తోంది. మొన్న పాడైన పెళ్ళి మూత అది, అడిగి వెనక్కి తెప్పించుకుని మళ్ళీ రాస్తోంది.

"చదవండి" అన్నాను.

ఆయన నిలబడే చదివారు. ముదురు ఉప్పునీళ్ళు మేలని తేలింది. మానిటాల్ కింది ఊళ్ళ ప్రజల కళ్ళపై నిలకడగా పనిచేయదు. ఇకమీదట కింది ఊళ్ళకు అది పంపబడదు.

ఇద్దరిని పరుగుపందెంలో దింపి, ఒకడి కాళ్ళు కట్టేసి, వాడికి పరుగు రాదని తేల్చారు. ఉప్పునీళ్ళు మంచి మందే, దానిమీద నాకు పగ లేదు. నిజంగా అదే గొప్పదేమో కూడా, నాకు తెలియదు. ఎవరికీ తెలియదు, ఎందుకంటే పోల్చింది మందుల్ని కాదు, ఎవరు ఎంతసేపు ఉగ్గబట్టుకోగలరో పోల్చారు. రేపు ఓబులక్క లాంటి నరాలున్న మనిషి వస్తే నేను ఏం ఎక్కించాలి? మండలి వారి కాగితాన్ని నానబెట్టి ఎక్కించనా?

"కుండ సంగతి మీరు రాయలేదా?" అని అరిచాను.

"రాశానండీ. అంతా రాశాను. చివర జతచేశాను. చదివినట్టు లేరు." ఆయన కాగితం మడవబోయారు. "ఇంకో ముక్క ఉంది. అది అవసరం లేదులెండి."

"ఏమో ఉండాదంటాండావే, చదువు నాయనా" అంది ఓబులక్క, కుంచె ఆపి.

ఆయన చదవలేకపోయారు.  ఓబులక్క చెయ్యి చాపింది.

"ఇట్లియ్యి."

ఆయన నా వంక చూశారు.  కాగితం ఆమె చేతికి ఇచ్చారు. ఆమె దాన్ని దీపం దగ్గర పట్టుకుని, కుడి కన్ను చిట్లించి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది.

"'అంకాళ్ళ ఓబులమ్మ, కుడి కన్ను. నియమ విరుద్ధముగా చికిత్స జరిగినందున ఈ కంటిని లెక్కలోనుంచి తొలగించడమైనది.'" తల ఎత్తింది. "కండ్లు పోయేటట్ల సన్నంగా రాస్తారేంది నాయనా పైనోళ్ళు? అంతేనా, ఇంకా ఉండాదా?"

"అంతేనండీ" అన్నారు ప్రద్యుమ్న గారు.

"మళ్ళా పైకి ఏమన్నా రాసేదుంటే, ఇది ఏ కంటితో చదివినానో అది గూడా రాయి."

కాగితం ఆయనకిచ్చేసి, మూత ఒళ్ళోకి లాక్కుని, కొత్త కోడలి పేరులో చివరి అక్షరం రాయసాగింది. ప్రద్యుమ్న గారు కలం కోసం జేబులు తడుముకుంటున్నారు. ఆయన రాస్తారో లేదో నాకు తెలియదు కాబట్టి, నేను ఇక్కడ రాశాను.